కుంచె నోటికి తగలకూడదు: బుల్లి సైనికుల బల్ల మీద భౌతికశాస్త్రం

బల్ల మీద బొటనవేలంత సైనికుడి బొమ్మ. తొమ్మిదేళ్ల అమ్మాయి దానికి రంగు వేస్తోంది. కుంచె కొన విచ్చుకుపోవడంతో పెదవుల మధ్య పెట్టి సన్నగా లాగింది. ఎవరూ నేర్పలేదు, పక్కన కూర్చున్న నాన్న అలా చేయడం చూసింది. మినియేచర్ బొమ్మలకు రంగులు వేసి, వాటితో వార్‌గేమ్ ఆడే ఇళ్లలో ఇది మామూలే. ఈ అలవాటు ఎలా పనిచేస్తుందో, ఎందుకు మానాలో రెండూ తెలుసుకోదగ్గవే.

తడి కుంచెలో వెంట్రుకల మధ్య సందుల్లో నీరు నిలుస్తుంది. నీటికి తన ఉపరితలాన్ని వీలైనంత కుదించుకునే గుణం ఉంది. దాన్నే తలతన్యత అంటారు. వెంట్రుకలన్నిటినీ దగ్గరికి లాగి మొనగా చేసేది అదే. పెదవులు చేసే పనల్లా ఎక్కువైన నీటిని తీసి ఆకారం సరిదిద్దడం. తడి గుడ్డ మీద కుంచెను తిప్పుతూ లాగినా ఇదే జరుగుతుంది.

సుమారు వందేళ్ల క్రితం అమెరికాలో గడియారాల అంకెలకు మెరిసే రేడియం రంగు పూసిన యువతులకు కుంచెను పెదవులతోనే సన్నగా చేయమని నేర్పారు. రేడియం రసాయనికంగా కాల్షియంను పోలి ఉంటుంది కాబట్టి ఎముకల్లో చేరింది. దవడలు పాడై, పలువురు చనిపోయారు. న్యూజెర్సీ కార్మికురాళ్ల కేసు 1928లో రాజీతో ముగిసింది. నేటి ఆక్రిలిక్ రంగుల్లో రేడియం లేదు. అయితే కొన్ని ఎరుపు, పసుపు రంగుల్లో కాడ్మియం ఉండవచ్చు. పాత లోహపు బొమ్మల సంగతి ఇంకా ముఖ్యం: వాటిలో చాలావాటికి సీసం కలిపేవారు. అరగదీస్తే ఆ పొడి చేతికి, చేతి నుంచి నోటికి చేరుతుంది. మింగిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుందని, దానికి సురక్షిత స్థాయి అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు. పెట్టెలో దాచిన పాత బొమ్మకు ఆ నిబంధన వర్తించదు. పిల్లలకు ప్లాస్టిక్ బొమ్మలివ్వడమే మంచిది.

రంగు పలుచగా వేయమని పెద్దలు చెప్పేది పొదుపు కోసం కాదు. 28 మిల్లీమీటర్ల బొమ్మ మనిషి ఎత్తులో సుమారు 60వ వంతు. దాని ముఖం మీద పదోవంతు మిల్లీమీటరు మందంగా పూసిన రంగు, మనిషి ముఖం మీద 6 మిల్లీమీటర్ల పూతతో సమానం. కళ్లు, ముక్కు పూడిపోతాయి. పైగా 30 సెంటీమీటర్ల దూరం నుంచి ఆ బొమ్మను చూడటం, మనిషిని 18 మీటర్ల దూరం నుంచి చూడటం లాంటిదే. అందుకే నీడలను కాస్త అతిగా చిత్రించాలి. నీళ్లలా పలుచని ముదురు రంగు పూస్తే అది మడతల్లోకి దానంతటదే జారుతుంది. చదునైన చోట మాత్రం ఆరాక అంచున గీత మిగులుతుంది. కాఫీ మరకలాగే, చుక్క అంచున నీరు త్వరగా ఆవిరై, లోపలి రంగును అటు లాగుతుంది.

ఈ ఆటకు చదరంగంతో చుట్టరికం ఉంది. జర్మనీలో హెల్‌విగ్ 1780లో చదరంగాన్ని విస్తరించి యుద్ధక్రీడగా మార్చాడు. 1812లో ప్రష్యాలో రైస్‌విట్జ్ ఇంకో రూపం తయారుచేస్తే, ఆయన కొడుకే దాన్ని మెరుగుపరిచి 1824లో సైన్యం ముందుంచాడు. తండ్రీకొడుకుల వ్యాపకమన్నమాట, అప్పుడూ. యుద్ధంలోని అనిశ్చితిని అందులో పాచికలు చూపేవి.

పాచికల దగ్గరే పిల్లలకు కోపం వస్తుంది. నాలుగు, ఆపైన పడితే దెబ్బ తగిలినట్టు అనుకుందాం. పది పాచికలు వేస్తే సగటున ఐదు తగలాలి. కానీ సరిగ్గా ఐదు పడే సంభావ్యత 25 శాతం లోపే. మూడు నుంచి ఏడు మధ్య పడే అవకాశం 89 శాతం. “ఇందాక ఆరు పడలేదు, ఇప్పుడు పడుతుంది” అనేది పెద్దలూ చేసే పొరపాటే. పాచికకు జ్ఞాపకం ఉండదు. వాదించే బదులు, పదేసి పాచికలు వేసిన ప్రతిసారీ ఎన్ని తగిలాయో కాగితం మీద గడుల్లో గీతలు పెట్టమనడం మేలు. నలభై, యాభై సార్లకు మధ్యలో గుట్టలా లేచిన ఆకారం ఒకటి కనిపించడం మొదలవుతుంది.