బెజవాడ ఎండలో ఆటల కంప్యూటరు

ఇంటర్మీడియెటు పరీక్షలు ముగిసిన పిమ్మట కృష్ణా డెల్టాలోని అనేక గృహములలో ఒక కోరిక వినవచ్చుచున్నది. భాగములు విడివిడిగా కొని, తానే కూర్చుకొని, ఆటలకు తగిన కంప్యూటరును సిద్ధము చేసికొందునని పిల్లవాడు అడుగును. దాళ్వా ధాన్యపు సొమ్ములో పెద్ద భాగము దానికే పోవునేమోయని తండ్రి తటపటాయించును. కోరిక తప్పు గాదు. పూర్వము వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు తెచ్చి ఇంట రేడియోను కూర్చిన ఔత్సాహికుల ముచ్చట వంటిదే ఇదియును. అయితే చలిదేశముల వారి సలహాలను విని భాగములను ఎంచుకొనినచో అవి మన ఎండకు, మన కరెంటుకు నిలువకపోవచ్చును.

మొదట అడుగవలసిన ప్రశ్న, ఏ ఆట, ఏ తెర అనునది. సామాన్యమైన తెరమీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా సుమారు 20 లక్షల 73 వేలు. సెకనుకు 60 చిత్రములు కావలెనన్నచో గ్రాఫిక్సు కార్డు 12 కోట్లకు పైగా చుక్కలకు రంగులు నిర్ణయింపవలెను. ఫోర్‌కె తెరకు ఈ పని నాలుగు రెట్లగును. 2020లో వెలువడిన వాలొరెంటు వంటి ఆట చిన్న కార్డుతోనే హాయిగా నడచును. అదే సంవత్సరము వచ్చిన సైబర్‌పంక్ 2077 మాత్రము కార్డును పిండివేయును. కాబట్టి ఆటను, తెరను నిశ్చయించుకొనిన పిదప కార్డును, దానికి దీటైన ప్రాసెసరును చూడవలెను.

ప్రాసెసరుకు, మదరుబోర్డుకు పొత్తు కుదురవలెను. ఏఎమ్‌డి సంస్థ 2022లో తెచ్చిన ఏఎమ్ 5 అమరికలో డిడిఆర్ 5 ర్యామ్ మాత్రమే పట్టును. అన్నగారి పాత కంప్యూటరులోని డిడిఆర్ 4 ర్యామ్ అందులో దూరదు, గాటు వేరుచోట నుండును.

ఇక వేడిమి సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మనవారి సామెత. పంకా ఎంత పెద్దదైనను, చుట్టునున్న గాలికంటె చల్లగా దేనిని చేయజాలదు. 25 డిగ్రీల గదిలో ప్రాసెసరు 70 డిగ్రీల వద్ద నిలిచినదనుకొందము. గదికన్న 45 డిగ్రీలు ఎక్కువయన్నమాట. అదే పని 40 డిగ్రీల గదిలో చేసినచో వేడి సుమారు 85కు చేరును. నూరు డిగ్రీల సమీపమునకు వచ్చినపుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. డబ్బిచ్చి కొన్న వేగము అక్కడ ఆవిరియగును. అందుచేత ముందువైపు గాజుపలక బిగించి, లోపల ప్రభకట్టినట్లు రంగుదీపములు పెట్టిన క్యాబినెట్టుకన్న, ముందు జల్లెడవంటి జాలీ ఉండి, గాలిని లోనికి పీల్చు పంకాలు రెండు, వెనుక బయటికి తోయునది ఒకటి కలది మేలు. దుమ్ము ఆపు తెరను ఊడదీసి కడుగుటకు వీలుండవలెను. దీపములకు పెట్టు సొమ్ముతో మంచి పంకా వచ్చును.

పవర్ సప్లైని చివర మిగిలిన చిల్లరతో కొనుట మనవారిలో తరచుగా కనిపించు పొరపాటు. పేరు లేని డబ్బా కాలినపుడు తోడి భాగములను గూడ తీసికొనిపోవచ్చును. ఆట సాగునపుడు భాగములన్నియు కలిసి 300 వాట్లు కోరునవైనచో, 550 వాట్లది కొనుట యుక్తము. ‘80 ప్లస్ బ్రాంజ్’ గుర్తుగలది సగము బరువున సుమారు 85 శాతము సామర్థ్యముతో పనిచేయును. 300 వాట్లిచ్చుటకు గోడనుండి 353 వాట్లు లాగును. మిగిలిన 53 వాట్లు వేడియై గదిలోనికే వచ్చును! కరెంటు పోయినపుడు ఆదుకొనుటకు 600 వి.ఎ. యు.పి.ఎస్. చాలునని చెప్పుదురు గాని, అట్టివి సాధారణముగా 360 వాట్లే ఇచ్చును. తెరను గూడ కలిపినచో అది చాలదు. 1000 వి.ఎ.ది చూడవలెను. ఇంటి ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ రకమైనచో ఈ యంత్రమును దానికి తగిలింపకుండుట మంచిది. పాత ఇండ్లలో ఎర్తింగు సరిగా లేక, క్యాబినెట్టును తాకినపుడు వ్రేళ్లు చిమచిమలాడును. భాగములు కొనుటకు ముందే ఎలక్ట్రీషియనును పిలిచి దానిని చూపించుకొనవలెను.

యంత్రమును నేలమీద పెట్టరాదు. నేలమీది దుమ్మంతయు పంకాలగుండ లోనికి చేరును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ ఇండ్లలోనికి నీరు వచ్చుట నగరవాసులు మరచియుండరు.

బిల్లు వద్దన్నచో 18 శాతము పన్ను మిగులునని ఎవరైన ఆశచూపినను లొంగరాదు. ప్రతి భాగపు సీరియల్ నంబరు బిల్లుమీద ఉన్నపుడే వారంటీ అడుగుటకు బలముండును. కూర్పు ముగిసిన పిదప తొలి పరీక్షను చల్లని రాత్రివేళ చేయవలదు. మధ్యాహ్నము రెండు గంటలకు, ఏ.సి. ఆపి, గంటసేపు ఆట నడిపి, ప్రాసెసరు వేడిమిని తెరమీద గమనింపవలెను. అంకె 90 దాటుచున్నచో మరునాడే దుకాణమునకు వెళ్లి పెద్ద పంకా అడుగవచ్చును.