టెలిఫోన్ లైను – గోడమీది సాకెట్



మన హాస్టల్లో వార్డెన్ సార్ గదిలో కిటికీ పక్కన ఒక ల్యాండ్‌లైన్ ఫోన్ ఉండేది. 2015లో మేము తొమ్మిదో తరగతి. పిల్లల దగ్గర సెల్‌ఫోన్ ఉండకూడదు. ఆదివారం సాయంత్రం అమ్మానాన్నలు చేసే ఫోన్ కోసం ఆ గది ముందు వరసగా కూర్చునేవాళ్ళం.

ఆ ఏడు వానాకాలంలో ఫోన్ మూగబోయింది. ఫిర్యాదు చేస్తే లైను బాగానే ఉందన్నారు. పన్నెండు రోజులు అలాగే గడిచాయి. ఆ రోజుల్లోనే మాలో ఒకడి నాన్నను ఆసుపత్రిలో చేర్చారు. వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. ఆమెకు అటు గంట మోగుతున్నట్టే వినిపించేది, ఇక్కడ మాత్రం మోగేది కాదు. చివరికి ఊరివాళ్ళెవరో వచ్చి చెబితే వాడికి తెలిసింది. వాడు వెళ్ళేసరికి వాళ్ళ నాన్నకు మాట పడిపోయింది.

తర్వాత లైన్‌మన్ వచ్చి గోడమీది చిన్న తెల్లడబ్బా విప్పాడు. లోపల ఒక తీగ పచ్చగా చిలుము పట్టి తెగిపోయి ఉంది. కొన కోసి, గీకి, మళ్ళీ స్క్రూకి బిగించాడు. రెండు నిమిషాల పని! ముట్టుకుంటే ఏమవుతుందోనని అన్ని రోజులూ మేమెవరమూ ఆ డబ్బా దగ్గరికే పోలేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదలు. ఆ రోజు తెలియనిది ఎం.ఎస్సీ.లో తెలుసుకున్నాం. అదే మీకు చెప్పాలని ఈ వ్యాసం.

లైను వచ్చే దారి

ఎక్స్ఛేంజి నుంచి వందల జతల తీగలున్న లావు కేబుల్ భూమిలో బయలుదేరుతుంది. రోడ్డు పక్క ఇనుప పెట్టెలో అది చిన్న కేబుళ్ళుగా చీలుతుంది. దాన్ని పిల్లర్ అంటారు. అక్కడినుంచి స్తంభానికో గోడకో ఉన్న డి.పి. పెట్టెకు వస్తుంది. డి.పి. నుంచి మన ఇంటికి వచ్చేది నల్లటి డ్రాప్ వైరు. అది చేరే గోడమీది డబ్బానే మెయిన్ సాకెట్. లైన్‌మన్‌లు దాన్ని రోజెట్ అంటారు. ఎంత దూరం నుంచి వచ్చినా ఒక ఫోనుకు కావలసింది రెండే తీగలు.

కేబుల్లో ప్రతి జతనూ మెలివేసి ఉంచుతారు. బయటి అలజడి రెండు తీగలమీదా సమానంగా పడి, ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడానికే ఆ మెలిక. గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంట్ పొందాడు.

రెండు తీగల్లో ఏముంటుంది?

రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు తీగల మధ్య సుమారు 48 వోల్టుల డి.సి. ఉంటుంది. ఇది ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి వస్తుంది. అందుకే ఇంట్లో కరెంటు పోయినా సాధారణ ఫోన్ పనిచేసేది. రిసీవర్ ఎత్తగానే సెట్టులోని స్విచ్ కలిసి వలయం పూర్తవుతుంది. కొన్ని మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది. దాన్ని గుర్తించి ఎక్స్ఛేంజి డయల్ టోన్ ఇస్తుంది. అప్పుడు సెట్టు దగ్గర వోల్టేజి పది వోల్టుల ప్రాంతానికి పడిపోతుంది. ఎవరైనా మనకు ఫోన్ చేస్తే సుమారు 75 వోల్టుల ఏ.సి. వచ్చి గంట మోగిస్తుంది.

మరి ఆ అమ్మకు గంట ఎందుకు వినిపించింది? అవతలివాళ్ళకు వినిపించే గంట మన ఫోనుది కాదు. దాన్ని ఎక్స్ఛేంజే పంపుతుంది. మన తీగ తెగినా అది వినిపిస్తూనే ఉంటుంది. తీగ తెగిన లైను ఎక్స్ఛేంజికి రిసీవర్ పెట్టి ఉన్న లైనులాగే కనిపిస్తుంది.

సాకెట్‌కు కలపడం

1. ముందు సాకెట్ నుంచి ఫోన్ తీగ ఊడదీయాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు, చేతులు తడిగా ఉన్నప్పుడు ఈ పని వద్దు. పని మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే గంట వోల్టేజి చేతికి చురుక్కుమంటుంది.

2. గోడకు వేసే రంధ్రం బయటివైపు వాలుగా ఉండాలి. వైరు లోపలికి వచ్చేముందు బయట కొంచెం కిందికి వేలాడేలా వంపు పెట్టాలి. వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. మన హాస్టల్ గోడకు ఈ వంపు లేదు. నీరు వైరు వెంట నేరుగా డబ్బాలోకి దిగింది. చిలుముకు మూలం అదే.

3. తీగ కొనమీది తొడుగును ఒక సెంటీమీటరు తీయాలి. రాగి మీద గాటు పడితే అక్కడే తెగుతుంది.

4. కొనను స్క్రూ బిగిసే దిశలోనే చుట్టి, వాషర్ కింద ఉంచి బిగించాలి. ఎదురు చుడితే బిగిస్తున్నప్పుడు తీగ బయటికి జారుతుంది.

5. ఫోన్ ప్లగ్గులో మధ్యనున్న రెండు పిన్నులే మనకు పని. లైను తీగలు ఆ పిన్నులకు వెళ్ళే స్క్రూలకే చేరాలి. రెండు తీగలు ఒకదానికొకటి తగలకూడదు. ఇటీవలి సెట్లలో తీగలు అటూ ఇటూ మారినా ఫోన్ పనిచేస్తుంది.

6. 230 వోల్టుల కరెంటు వైరు వెళ్ళే పైపులో ఫోన్ వైరు ఎన్నడూ వేయకూడదు.

తప్పు ఎక్కడుంది?

మెయిన్ సాకెట్ పొలం గట్టులాంటిది. బయటిది ఫోన్ కంపెనీ బాధ్యత, లోపలిది మనది. ఫోన్ చెడితే లోపలి వైర్లన్నీ విడదీసి, బాగున్న ఒక సెట్టును నేరుగా మెయిన్ సాకెట్‌కు తగిలించి చూడాలి. డయల్ టోన్ వస్తే తప్పు లోపలి వైరులోనో మన సెట్టులోనో ఉంది. రాకపోతే డబ్బా విప్పి స్క్రూలు చూడాలి. అవీ బాగుంటే తప్పు బయట ఉన్నట్టు. మాటల్లో గరగర వస్తుంటే వదులు జాయింటో తడో కారణం. డి.పి. పెట్టె మాత్రం మనం తెరవకూడదు.

"ఫోన్ పనిచేయడం లేదు" అంటే ఎవరైనా రేపు చూద్దామంటారు. "మెయిన్ సాకెట్ దగ్గరే టోన్ లేదు, స్క్రూలు బిగుతుగా ఉన్నాయి" అంటే అలా దాటవేయడం కష్టం. పేదవాడి ఫిర్యాదుకు బలం ఇలాంటి తెలివిడే.

ఇప్పుడు ఎందుకు?

ఇప్పుడు రాగి లైన్లు తగ్గి ఫైబర్ వస్తోంది. ఫైబర్ ఉన్న ఇంట్లో ఫోన్ ఒక పెట్టెకు తగులుతుంది. ఆ పెట్టెకు ఇంటి కరెంటు కావాలి. కానీ ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో, లాడ్జీల్లో ఇంటర్‌కమ్ ఫోన్లు చాలావరకు ఇంకా ఈ రెండు తీగల మీదే నడుస్తున్నాయి. ఈ పని తెలిసినవాడికి కూలి దొరుకుతుంది.

ఆనాడు నాన్న కబురు అందని మా మిత్రుడు ఐ.టి.ఐ. చేసి ఇప్పుడు ఇంటర్‌కమ్ లైన్లు వేస్తున్నాడు. పైన రాసిన వరస సరిచూసిందీ వాడే. బయట వైరుకు వంపు పెట్టకుండా వాడు ఏ పనీ ముగించడు.

తమ్ముళ్ళారా, హాస్టల్లో ఏది చెడినా ముందు వార్డెన్ సార్ని అడగండి. బాగుచేసే మనిషి వచ్చినప్పుడు పక్కన నిలబడి చూడండి. ఇది ఎందుకు, అది ఎందుకు అని అడగండి. మేము అడగడానికి పన్నెండు రోజులు ఆలస్యమైంది. మీకు అలా కాకూడదు.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)