వార్తల్లో పదం: మల్టీపార్ట్ ఎపిసోడ్

ఒకే కథను రెండు మూడు భాగాలుగా ప్రసారం చేస్తే అది మల్టీపార్ట్ ఎపిసోడ్. మన డైలీ సీరియళ్ల ఎపిసోడ్లకు పేరు పెట్టే బాధే లేదు, నంబరే పేరు! చిక్కంతా 2001లో జెమినీ టీవీలో మొదలైన ‘అమృతం’లాంటి, ఎపిసోడ్లకు పేర్లుండే సీరియళ్లతోనే. ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఒకరు ‘పార్ట్ వన్’ అని, ఇంకొకరు ‘మొదటి భాగం’ అని ఎక్కిస్తే, పెందుర్తిలో ఫోన్ పట్టుకుని వెతికేవారికి ఒక ముక్కే దొరుకుతుంది. ‘భాగం 1’ అని పేరుకు ముందే రాస్తే మరీ అన్యాయం: అక్షరక్రమంలో వేర్వేరు కథల మొదటి భాగాలన్నీ ఒకేచోట పోగుపడతాయి. అమెరికన్ సీరియల్ ‘ఫ్రెండ్స్’ ఆఖరి కథ 2004 మే 6న ఒకే రాత్రి వచ్చినా, లెక్కలో రెండు ఎపిసోడ్లు. ఇలాంటివాటికి తెరమీద పడిన పేరే రాసి, చివర (1), (2) చేర్చాలి. ఈ పద్ధతే మేలు.