రాష్ట్రం దాటినా వారెంటు చెల్లుతుంది.. దేశం దాటితే అభ్యర్థనే

ముదినేపల్లి: కొల్లేరు పరిసరాల్లోని చెరువుల్లో పట్టిన చేపలు ఐసు నింపిన పెట్టెల్లో లారీలెక్కి పశ్చిమ బెంగాల్, అస్సాం, బీహార్ మార్కెట్లకు తరలిపోతుంటాయి. మేత, మందులు, చేప పిల్లలు చాలావరకు అరువుపైనే వస్తాయి. మరోవైపు ఈ ప్రాంత యువత ఉపాధి కోసం హైదరాబాద్, బెంగళూరు మొదలుకొని గల్ఫ్, అమెరికా వరకు వెళుతున్నారు. వ్యాపారం, ఉపాధి విస్తరించిన మేరకు వివాదాలూ, వాటి వెంట కోర్టు కేసులూ విస్తరిస్తున్నాయి.

పొరుగు రాష్ట్ర పోలీసులు వచ్చి ఇంటి యజమానిని తీసుకెళ్లారంటే కుటుంబం బెంబేలెత్తిపోతుంది. వేరే రాష్ట్రంలోని కోర్టు వారెంటు ఇక్కడ చెల్లదని కొందరు భావిస్తుంటారు. విమానమెక్కి దేశం దాటితే ఇక ఎవరూ ఏమీ చేయలేరని మరికొందరు అనుకుంటారు. ఈ రెండూ అపోహలే. రాష్ట్రాల మధ్య, దేశాల మధ్య నిందితుల తరలింపునకు చట్టం వేర్వేరు మార్గాలు నిర్దేశించింది. ఆ మార్గాల్లో నిందితుడికి కొన్ని రక్షణలూ కల్పించింది.

దేశమంతటా చెల్లుబాటు

అరెస్టు వారెంటు అంటే న్యాయాధికారి సంతకం, కోర్టు ముద్ర ఉన్న రాతపూర్వక ఉత్తర్వు. జారీ చేసిన కోర్టు రద్దు చేసేవరకు, లేదా అమలయ్యేవరకు అది సజీవంగానే ఉంటుంది. ఏళ్లు గడిచాయి కదా, దానంతటదే చెల్లిపోయి ఉంటుందనుకోవడం పొరపాటు. 2024 జులై 1 నుంచి నేర విచారణ ప్రక్రియ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. దీని 79వ సెక్షన్ ప్రకారం వారెంటును దేశంలో ఎక్కడైనా అమలు చేయవచ్చు. పాత స్మృతిలోనూ ఇదే నిబంధన ఉండేది. కనుక కోల్‌కతా కోర్టు ఇచ్చిన వారెంటుకు ముదినేపల్లిలో ఎంత విలువ ఉందో, ఏలూరు కోర్టు ఇచ్చినదానికి ఢిల్లీలో అంతే విలువ ఉంది.

అమలుకు రెండు పద్ధతులున్నాయి. వారెంటును నిందితుడు ఉన్న జిల్లా ఎస్పీకి గానీ, అక్కడి మేజిస్ట్రేటుకు గానీ పంపి స్థానిక పోలీసుల ద్వారా అరెస్టు చేయించడం మొదటిది. సొంత పోలీసులనే పంపడం రెండోది. రెండో పద్ధతిలో వచ్చిన పోలీసులు సాధారణంగా స్థానిక మేజిస్ట్రేటు లేదా స్టేషన్ హౌస్ అధికారి వద్ద వారెంటుపై ఆమోదం రాయించుకోవాలి. ఆ జాప్యంవల్ల నిందితుడు తప్పించుకునే ప్రమాదం ఉంటే ఆమోదం లేకుండానే అరెస్టు చేసే వెసులుబాటు ఉంది.

నేరుగా తీసుకెళ్లడానికి వీల్లేదు

అరెస్టు చేసిన వెంటనే జీపు ఎక్కించి రాష్ట్రం దాటించడానికి చట్టం అంగీకరించదు. వారెంటు ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు ఉన్నా, స్థానిక అధికారుల కంటే దగ్గరగా ఉన్నా నేరుగా అక్కడికే తీసుకెళ్లవచ్చు. వారెంటుపై పూచీకత్తు తీసుకుని విడిచిపెట్టినప్పుడూ ఈ అవసరం రాదు. మిగిలిన సందర్భాల్లో అరెస్టు జరిగిన ప్రాంతంలోని మేజిస్ట్రేటు లేదా ఎస్పీ ఎదుట హాజరుపరచాలి. పట్టుబడిన వ్యక్తి వారెంటులో పేర్కొన్న వ్యక్తేనని నిర్ధారించుకున్న తర్వాతే తరలింపునకు ఉత్తర్వు ఇస్తారు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవారు ఊరికి నలుగురుండే ఈ ప్రాంతంలో ఈ పరిశీలనకు ఎంతో ప్రాధాన్యం ఉంది.

నేరం బెయిలు ఇవ్వదగినదైతే, నిందితుడు తగిన జామీను చూపితే స్థానికంగానే బెయిలు తీసుకుని పత్రాలను అసలు కోర్టుకు పంపాలి. బెయిలుకు వీల్లేని నేరమైనా, అరెస్టు జరిగిన జిల్లాలోని చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటు లేదా సెషన్స్ న్యాయమూర్తి పత్రాలు పరిశీలించి బెయిలు మంజూరు చేయవచ్చు.

చెల్లని చెక్కుల కేసుల్లో ఈ నిబంధన అక్కరకొస్తుంది. 2015లో చేసిన చట్ట సవరణ ప్రకారం చెక్కు పుచ్చుకున్న వ్యక్తికి ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంత కోర్టులోనే కేసు దాఖలవుతుంది. మేత కోసం ఇక్కడి రైతు ఇచ్చిన చెక్కు చెన్నైలోని ఖాతాకు జమకు వెళ్లి తిరిగివస్తే కేసు చెన్నైలోనే నడుస్తుంది. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడవచ్చు. అయినప్పటికీ ఇది బెయిలు ఇవ్వదగిన నేరమే. సమన్లు అందినా దూరాభారమని వాయిదాలకు వెళ్లకపోవడంతోనే వ్యవహారం నాన్‌బెయిలబుల్ వారెంటు దాకా వస్తుంది. న్యాయవాది ద్వారా హాజరై వారెంటు రద్దు కోరడం అప్పటికీ సాధ్యమే.

ట్రాన్సిట్ రిమాండు.. పీటీ వారెంటు

తీవ్రమైన నేరాల్లో పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. అయితే ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. రాజ్యాంగంలోని 22వ అధికరణం ఇచ్చిన హక్కు ఇది. వేరే రాష్ట్రంలో పట్టుబడిన నిందితుడిని అక్కడి మేజిస్ట్రేటు అనుమతితో నిర్ణీత గడువులోగా అసలు కోర్టుకు తరలించడాన్నే ట్రాన్సిట్ రిమాండు అంటారు. పత్రికల్లో తరచూ కనిపించే ట్రాన్సిట్ వారెంటు కూడా ఇదే.

2014 సెప్టెంబరు 24న ఏలూరు సమీపంలోని పినకడిమికి చెందిన తండ్రి, ఇద్దరు కుమారులు గన్నవరం విమానాశ్రయం నుంచి కారులో వస్తుండగా పెదఅవుటపల్లి వద్ద జాతీయ రహదారిపై హత్యకు గురయ్యారు. కాల్పులు జరిపినవారు కిరాయి హంతకులని పోలీసులు తేల్చి, తర్వాతి వారాల్లో పలువురిని ఢిల్లీలో అరెస్టు చేశారు. నేరం కృష్ణా జిల్లాలో, మృతుల ఊరు ఏలూరు చెంత, నిందితులు ఢిల్లీలో. ఇలాంటి కేసులకే ట్రాన్సిట్ రిమాండు ప్రక్రియ అవసరమవుతుంది.

నిందితుడు ఇప్పటికే మరో కేసులో వేరేచోట జైల్లో ఉంటే కోర్టు పీటీ వారెంటు జారీ చేస్తుంది. దాన్ని జైలు అధికారికి అందజేసి ఖైదీని తమ కోర్టుకు రప్పించుకుంటారు.

వేరే రాష్ట్రంలో కేసు నమోదైందని ముందే తెలిసినవారికీ ఒక మార్గం ఉంది. నివసిస్తున్న ప్రాంతంలోని సెషన్స్ కోర్టు లేదా హైకోర్టు పరిమిత కాలానికి ముందస్తు బెయిలు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2023 నవంబరులో స్పష్టం చేసింది. ఆ గడువులోగా కేసు ఉన్న రాష్ట్రంలోని కోర్టును ఆశ్రయించాల్సి ఉంటుంది.

సరిహద్దు దాటితే..

పినకడిమి కేసులో విదేశంలో ఉన్న వ్యక్తికీ కుట్రలో పాత్ర ఉందని పోలీసులు అప్పట్లో ఆరోపించారు. ఇలాంటి చోటే వారెంటు బలం తగ్గిపోతుంది. భారత న్యాయస్థానం ఉత్తర్వుతో లండన్‌లోనో, దుబాయ్‌లోనో ఎవరినీ పట్టుకోలేరు. అక్కడి ప్రభుత్వాన్ని అభ్యర్థించాలి. దీన్నే నేరస్తుల అప్పగింత అంటారు. మన దేశంలో ఇందుకు 1962 నాటి అప్పగింత చట్టం ఆధారం. బ్రిటన్‌తో 1992లో, అమెరికాతో 1997లో, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో 1999లో ఒప్పందాలపై సంతకాలు జరిగాయి.

దర్యాప్తు అధికారులు ముందుగా కోర్టు నుంచి వారెంటు పొంది అభియోగపత్రం, సాక్ష్యాలు జతచేస్తారు. రాష్ట్ర ప్రభుత్వం ద్వారా కేంద్రానికి చేరిన దస్త్రాన్ని విదేశాంగ మంత్రిత్వశాఖ దౌత్యమార్గంలో ఆ దేశానికి పంపుతుంది. అక్కడి కోర్టు విచారణ జరుపుతుంది. బ్రిటన్‌లో అయితే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ మేజిస్ట్రేట్ కోర్టు, ఆపైన హోం మంత్రి, అనంతరం హైకోర్టులో అప్పీలు ఇలా పలు దశలుంటాయి. అందుకే ఒక్కో కేసు ఏళ్ల తరబడి సాగుతుంది.

అక్కడి కోర్టు ప్రధానంగా చూసే అంశం ఆరోపించిన చర్య రెండు దేశాల్లోనూ నేరమా కాదా అన్నది. రాజకీయ స్వభావం గల నేరాలకు అప్పగింత నిరాకరించవచ్చు. మరణశిక్ష విధించబోమన్న హామీని కొన్ని దేశాలు కోరతాయి. ఏ నేరానికి అప్పగించారో దానికే విచారించాలన్నది మరో ముఖ్య సూత్రం.

రెడ్‌కార్నర్ నోటీసుపైనా అపోహలున్నాయి. ఇంటర్‌పోల్ జారీ చేసే ఈ నోటీసు అంతర్జాతీయ అరెస్టు వారెంటు కాదు. ఫలానా వ్యక్తి కావాలని సభ్యదేశాలను అప్రమత్తం చేసే సమాచారం మాత్రమే. అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆయా దేశాల చట్టాలపై ఆధారపడి ఉంటుంది. మన దేశంలోనూ కేవలం ఆ నోటీసు ఆధారంగా అరెస్టు కుదరదని సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెప్పింది.

కర్నూలు చిరునామా.. లిస్బన్ అరెస్టు

అప్పగింత ప్రక్రియకు తెలుగునాట బాగా తెలిసిన ఉదాహరణ కర్నూలు నకిలీ పాస్‌పోర్టుల కేసు. 1993 ముంబయి పేలుళ్ల నిందితుడు అబూ సలేం, నటి మోనికా బేడీ మారుపేర్లతో కర్నూలు చిరునామాపై పాస్‌పోర్టులు పొందారన్నది సీబీఐ అభియోగం. వీరిద్దరూ 2002 సెప్టెంబరులో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పట్టుబడ్డారు. మరణశిక్ష గానీ, 25 ఏళ్లకు మించిన జైలు గానీ విధించబోమని భారత ప్రభుత్వం ఆ ఏడాది డిసెంబరులో హామీ ఇచ్చింది. చివరకు 2005 నవంబరులో వారిని భారత్‌కు అప్పగించారు. పాస్‌పోర్టు కేసులో మోనికా బేడీకి హైదరాబాద్ సీబీఐ కోర్టు 2006లో శిక్ష విధించింది.

ఇక్కడికి తీసుకురావడంతో కథ ముగియలేదు. అప్పగింత ఉత్తర్వులో లేని అభియోగాలను సలేంపై తర్వాత మోపారని పోర్చుగల్ కోర్టు తప్పుపట్టింది. వాటి ఉపసంహరణకు 2013లో మన సుప్రీంకోర్టు అనుమతించింది. పేలుళ్ల కేసులో 2017లో అతనికి యావజ్జీవ శిక్ష పడినా, 25 ఏళ్ల హామీకి ప్రభుత్వం కట్టుబడి ఉండాల్సిందేనని 2022 జులైలో అదే న్యాయస్థానం తేల్చిచెప్పింది. పరాయి దేశానికి ఇచ్చిన మాట స్వదేశంలోని శిక్షకూ హద్దు గీసింది.

పరారీలో ఉంటే లాభమా?

పరారీలో ఉన్నవారికి కాలం కలిసొస్తుందన్న ధీమాకు కొత్త సంహిత గండికొట్టింది. ఉద్దేశపూర్వకంగా తప్పించుకు తిరుగుతున్న వ్యక్తి హాజరు కావాలని కోర్టు ప్రకటన జారీ చేస్తుంది. ఆస్తులను జప్తు చేయవచ్చు. పదేళ్లు లేదా అంతకు మించిన శిక్షకు అవకాశమున్న తీవ్ర నేరాల్లో ప్రకటిత నేరస్తుడిగా నిర్ణయిస్తే, అభియోగాలు నమోదైన 90 రోజుల తర్వాత అతను లేకుండానే విచారణ జరిపి తీర్పు ఇవ్వడానికి 356వ సెక్షన్ వీలు కల్పించింది. అంతకుముందు 30 రోజుల వ్యవధితో వరుసగా రెండు వారెంట్లు, పత్రికలో ప్రకటన, బంధువులకు సమాచారం తప్పనిసరి.

కుటుంబసభ్యులు గుర్తుంచుకోవాల్సినవి

- అరెస్టుకు వచ్చిన పోలీసులు పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించాలి. వారెంటు సారాంశం చెప్పాలి, అడిగితే చూపాలి.
- అరెస్టు పత్రం రాసి కుటుంబసభ్యుడు లేదా స్థానిక పెద్దమనిషి చేత సాక్షి సంతకం చేయించాలి. నిందితుడి సంతకమూ తీసుకోవాలి.
- ఎక్కడికి తీసుకెళ్తున్నారో బంధువుకు లేదా స్నేహితుడికి తెలపాలి. జిల్లా దాటి వచ్చి వారెంటుపై అరెస్టు చేసినప్పుడు నిందితుడు నివసించే జిల్లాలోని నియమిత పోలీసు అధికారికీ వెంటనే సమాచారం ఇవ్వాలని 82వ సెక్షన్ చెబుతోంది. కనుక వివరాలకు ముందుగా స్థానిక స్టేషన్‌ను సంప్రదించవచ్చు.
- న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. ఉచిత న్యాయసహాయానికి ఫోన్ నంబరు 15100.
- వాట్సప్ వీడియో కాల్‌లో వారెంటు చూపి డబ్బు అడిగితే అది మోసమే. డిజిటల్ అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదు. వెంటనే 1930కు ఫిర్యాదు చేయాలి.

కోర్టు నుంచి వచ్చిన మొదటి సమన్లను తీసుకుని, వాయిదా తేదీకి ముందే న్యాయవాదిని కలిస్తే చాలా కేసుల్లో వారెంటు ఇంటిదాకా వచ్చే అవసరమే ఉండదు.