ఊరందరికీ కనిపించే చిట్టా

2017 మే నెల, ఓ శనివారం. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని కొన్ని పోలీసు కార్యాలయాల్లో కంప్యూటర్లు తెరిస్తే ఫైళ్లకు బదులు ఎర్రటి తెర ప్రత్యక్షమైంది. 300 డాలర్ల బిట్‌కాయిన్ పంపితేనే ఫైళ్లు విడిచిపెడతామన్న బెదిరింపు, పక్కనే తరిగిపోతున్న గడువు. దొంగల్ని పట్టే ఇంటికే దొంగ తాళం వేసిపోయాడు! సుమారు 150 దేశాలను కుదిపేసిన ‘వాన్నాక్రై’ మన దగ్గరికి వచ్చిన తీరు అది.

ఆ తెర మీద డబ్బు పంపాల్సిన అడ్రస్ కూడా ఉంది. వాన్నాక్రైకి అలాంటివి మూడే. వాటిలో ఎంత పడుతోందో ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడగలిగారు. ఆగస్టు మొదట్లో 50కి పైగా బిట్‌కాయిన్లు, అప్పటి ధరలో దాదాపు 1.4 లక్షల డాలర్లు, అందరి కళ్లముందే వాటిలోంచి తరలిపోయాయి. అడ్డుకోగలిగినవాళ్లు మాత్రం లేరు.

బ్యాంకు ఖాతాకు పేరుంటుంది, లావాదేవీలు పక్కింటివాడికి తెలియవు. బిట్‌కాయిన్‌ది తలకిందుల యవ్వారం. 2009 జనవరి 3న మొదలైనప్పటి నుంచీ జరిగిన ప్రతి లావాదేవీ ఊరందరికీ కనిపించే చిట్టాలో ఉంది. లేనివి పేర్లే. ఆ చిట్టాను చదివిపెట్టేవే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్లు: బ్లాక్‌చెయిర్, మెంపూల్ వంటివి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు.

1తోనో, 3తోనో, ‘బీసీ1’తోనో మొదలయ్యే ఆ పొడవాటి అక్షరాల వరుసే అడ్రస్, దాన్ని ఎక్స్‌ప్లోరర్‌లోని వెతుకు పెట్టెలో అతికించండి. మొత్తం ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది, కింద తేదీలతో సహా జాబితా. ‘మీ పెట్టుబడి మా దగ్గర భద్రం’ అన్నవాడి అడ్రస్‌లో మిగులు సున్నా ఉండి, వచ్చిన సొమ్ము వచ్చినట్టే గంటలో దాటిపోతుంటే అనుమానించాలి. అయితే అడ్రస్ నిన్ననే పుట్టిందని మాత్రం ఉలిక్కిపడక్కర్లేదు. నిజాయతీగా వాడేవాళ్ల వాలెట్లు కూడా ప్రతి చెల్లింపుకూ కొత్త అడ్రస్ ఇస్తుంటాయి.

మరి పేరు ఎలా తెలుస్తుంది? ఒకే చెల్లింపులో కొన్ని అడ్రస్‌ల సొమ్ము కలిసి కదిలితే ఆ అడ్రస్‌ల తాళంచెవులన్నీ సాధారణంగా ఒకరి చేతిలోనే ఉంటాయి. సారా మైకల్‌జాన్ అనే పరిశోధకురాలు, సహచరులు 2013లో ఈ చిన్న కిటుకుతోనే లక్షల అడ్రస్‌లను గుంపులు కట్టి చూపించారు. ఆ గుంపు ఎప్పుడో ఒకప్పుడు బిట్‌కాయిన్లను మామూలు డబ్బుగా మార్చే ఎక్స్‌ఛేంజ్ గడప తొక్కుతుంది. అక్కడ కేవైసీ, అంటే అసలు పేరు, ఉంటుంది.

ఆ తీగ లాగేలోపు మిగిలిన జనాన్ని కాపాడేది బాధితుల నోరే. 2017లో మొదలైన ‘బిట్‌కాయిన్ అబ్యూజ్’ అనే ఫిర్యాదుల వెబ్‌సైట్ అందుకు పుట్టిందే. తర్వాత అది టీఆర్ఎమ్ ల్యాబ్స్ నడిపే ‘చైన్‌అబ్యూజ్’లో కలిసిపోయింది. ‘నీ పాస్‌వర్డ్ ఇదే, నీ వీడియో నా దగ్గరుంది’ అంటూ వచ్చే మెయిల్ ఎంతమందిని వణికించిందో! అందులోని అడ్రస్‌ను అక్కడ వెతికితే చాలాసార్లు అచ్చం అదే ఉత్తరం, అవే అచ్చుతప్పులతో ఇంకెందరికో వచ్చిందని తెలుస్తుంది. గుండె దడ సగం అక్కడే తగ్గుతుంది.

చెడ్డ అడ్రస్ సంగతి సకాలంలో తెలిస్తే ఏమవుతుందో చూడండి. 2020 జులై 15న ఒబామా, బిల్ గేట్స్‌ల ట్విటర్ ఖాతాల్లోంచి ‘పంపిందానికి రెట్టింపు ఇస్తాం’ అని దొంగలు ప్రకటించారు. లక్ష డాలర్లకు పైగా వారి అడ్రస్‌లో పడింది. కాయిన్‌బేస్ అనే ఎక్స్‌ఛేంజ్ మాత్రం ఆ అడ్రస్‌ను వెంటనే నిషేధించి, పంపబోయిన సుమారు 1,100 మంది సొమ్ము, దాదాపు 2.8 లక్షల డాలర్లు, ఆపగలిగింది. పోయినదానికంటే మిగిలిందే ఎక్కువ!

అలాగని ఈ ఫిర్యాదుల పట్టికను జాతకంలా నమ్మకూడదు. అందులో లేదంటే మంచి అడ్రస్ అని కాదు, ఇంకా ఎవరూ చెప్పలేదనే అర్థం. పగతో రాసిన ఫిర్యాదులూ ఉండొచ్చు. ఇంకో మాట: ఇప్పుడు మోసగాళ్లు అడిగేది చాలావరకు డాలర్ విలువతో ముడిపడిన యూఎస్‌డీటీ అనే క్రిప్టో నాణెం. అది తరచూ ట్రాన్ అనే వేరే చిట్టాలో నడుస్తుంది. ‘టి’తో మొదలయ్యే ట్రాన్ అడ్రస్ బిట్‌కాయిన్ చిట్టాలో ఎంత వెతికినా దొరకదు, దానికి ట్రాన్‌స్కాన్ చూడాలి.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది రెండో దొంగని చూస్తే. పోయిన డబ్బు గురించి ఎక్కడైనా రాసుకుంటే చాలు, ‘రికవరీ నిపుణుడు’ ఊడిపడతాడు, ముందు ఫీజు అడుగుతాడు. చిట్టాలో ఎక్కిన లావాదేవీని వెనక్కి తిప్పే శక్తి ఏ నిపుణుడికీ లేదు. 2021లో అమెరికా పైప్‌లైన్ సంస్థ కలోనియల్ హ్యాకర్లకు కట్టిన 75 బిట్‌కాయిన్లలో 63.7 వెనక్కి వచ్చాయంటే, ఎఫ్‌బీఐ ఆ జాడ పట్టుకుని, చివరి అడ్రస్ తాళంచెవి సంపాదించి, కోర్టు వారంటుతో వెళ్లినందువల్లే.

మన దగ్గర మోసం జరిగితే మొదట 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. రూపాయలు ఇంకా బ్యాంకు ఖాతాల్లోనే తిరుగుతుంటే ఆపే వీలుంటుంది. అడ్రస్, లావాదేవీ ఐడీ, తేదీ, చాటింగ్ స్క్రీన్‌షాట్లు జతచేయండి. అడ్రస్‌ను మాత్రం చేత్తో టైప్ చేయకండి, కాపీ చేసి అతికించండి. ఒక్క అక్షరం తప్పినా పోలీసులు వెతికేది లేని అడ్రస్‌నే.