కరెంటు ఖర్చుకు ఈఆర్సీ ఉంది.. మరి నల్లా నీళ్ల లెక్క అడిగేదెవరు?

భద్రాచలం ఏజెన్సీ గూడేలైనా, ఖమ్మం పల్లెలైనా.. ఇంటింటికీ నల్లా నీళ్లివ్వాలన్నదే మిషన్ భగీరథ లక్ష్యం. 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గం కోమటిబండలో ప్రధాని మోదీ ప్రారంభించిన ఈ పథకం అంచనా రూ.40 వేల కోట్ల పైమాటే. అందులో ఎక్కువ భాగం నాబార్డ్, హడ్కో, బ్యాంకుల అప్పు. మరి ఇంత ఖర్చు అవసరమా అని ముందే తేల్చేదెవరు?

కరెంటుకైతే ఇలా..

డిస్కంలు తమ ఖర్చుల లెక్కను విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) ముందు పెట్టాలి. జనం అభ్యంతరాలు చెప్పొచ్చు. బహిరంగ విచారణ జరుగుతుంది. అనవసరమనుకున్న ఖర్చును మండలి కొట్టేస్తుంది.

నీళ్లకు మాత్రం..

తెలంగాణలో తాగునీటికి ఇలాంటి విచారణ జరిపే కమిషన్ ఏదీ పనిచేయడం లేదు. అంచనాలు వేసేది ఇంజినీర్లు, అనుమతి ఇచ్చేది ప్రభుత్వం. కాగ్ ఆడిట్ చేసినా.. అది డబ్బు ఖర్చయ్యాకే.

అడవిలో ఖర్చు ఎందుకు ఎక్కువ?

గూడేలు దూరదూరంగా ఉంటాయి కాబట్టి తక్కువ ఇళ్లకే ఎక్కువ పైపులైన్ వేయాలి. పైగా అటవీ అనుమతులు. హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లు మించకుంటే.. గ్రామసభ సిఫార్సుతో అటవీ హక్కుల చట్టం కింద తాగునీటి లైన్ వేసుకోవచ్చు. అంతకు మించితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి తెచ్చుకోవాలి, పరిహారం కట్టాలి.

గ్రామసభకు ఉన్న అధికారం

1996 పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో పంచాయతీ పెట్టిన ఖర్చుకు గ్రామసభ ధ్రువీకరణ తప్పనిసరి. కానీ భగీరథ పెద్ద పనులు చేసింది పంచాయతీ కాదు, రాష్ట్ర తాగునీటి సరఫరా కార్పొరేషన్. అంటే.. పైపు ఏ దారిన పోవాలో చెప్పే గ్రామసభకు, దానికెంత అయిందో తేల్చే అధికారం లేదన్నమాట.

వేరే చోట్ల ఎలా?

మహారాష్ట్రలో 2005 చట్టంతో వచ్చిన నీటి వనరుల నియంత్రణ సంస్థ టోకు నీటి ధరలు నిర్ణయిస్తుంది, కొత్త ప్రాజెక్టులు గిట్టుబాటవుతాయో లేదో కూడా చూస్తుంది. ఇంగ్లండ్‌లో 'ఆఫ్‌వాట్' ఐదేళ్లకోసారి నీటి కంపెనీల ఖర్చులను పరిశీలించి, ఎంత వసూలు చేయొచ్చో చెబుతుంది.

మనకేంటి నష్టం?

నల్లా ఖర్చు కరెంటు బిల్లులా చేతికి రాదు. కానీ అప్పు, వడ్డీ తీరేది ఖజానా నుంచే.. అంటే జనం పన్నులతోనే. ప్రస్తుతానికి సామాన్యుడి చేతిలో ఉన్నది సమాచార హక్కు చట్టం. ఊరి లైన్ అంచనా ఎంత, చెల్లించింది ఎంత అని దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి.