వ్రాతలో తడబాటు

అడిగిన ప్రశ్నకు తడుముకొనక నోటితో జవాబు చెప్పు బాలుడు, పరీక్షలో అదే ప్రశ్నకు రెండు వంకర పంక్తులు వ్రాసి ఊరకుండును. సోమరి యని తలచి పదిమార్లు వ్రాయుమందుము. పదవమారు వ్రాసినది మొదటిదానికన్న అధ్వాన్నముగా నుండును!

ఇట్టివారిలో కొందరికి గల ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అందురు. ఇది తెలివితక్కువ కాదు.

'స్త్రీ' అను అక్షరమునే చూడుడు. సకారము, దానిపై గుడిదీర్ఘము, తకార రేఫముల వత్తులు. వీనిలో ఏది ఎచ్చట నుండవలెనో జ్ఞప్తికి తెచ్చుకొని, ఆ రూపమును వ్రేళ్ల కదలికగా మార్చవలెను. అలవాటైన చేతికి ఇది అప్రయత్నముగా జరిగిపోవును. ఈ బాలుడు మాత్రము ప్రతి అక్షరమునకు క్రొత్తగా శ్రమపడవలెను. మనస్సు ఒక్కసారి మోయగల బరువు స్వల్పము. అదంతయు అక్షరములకే చెల్లిపోయినచో, చెప్పదలచిన భావము నిలుచుటెట్లు? వాక్యము సగములో తెగిపోవును.

మెదడులో ఎడమవైపు ముందుభాగమున వ్రాతకు ఒక కేంద్రము కలదని 1881లో ఎక్స్‌నర్ సూచించెను. పెక్కు భాగములు కలిసి పనిచేసిననే వ్రాత సాగునని నేడు తెలియుచున్నది. అందుచే ఒకనికి చేయి సాగదు. మరొకనికి వర్ణక్రమము నిలువదు. ఎడమచేతి వాటమే కారణమని చేయి మార్పించుట శుద్ధ పొరపాటు.

భారతదేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని పేర్కొన్నది. నిర్ధారణ యైనవారికి పరీక్షలో అదనపు సమయము, లేఖకుని సహాయము కోరవచ్చును. అనుమానము కలిగినచో ఉపాధ్యాయుడు ఒకే పాఠమును నోట చెప్పించి, పిదప వ్రాయించి, రెంటిని పోల్చి చూడవలెను. అంతరము ఎక్కువగా నుండి, కొన్ని నెలలు గడచినను తగ్గనిచో నిపుణునికి చూపించుట మంచిది. అంతవరకు నల్లబల్లమీది పాఠమును ఎత్తివ్రాయు పని తగ్గించి, మార్కులు వేయునపుడు దస్తూరిని వేరుగా, విషయమును వేరుగా చూడవచ్చును.